ముప్ఫై వాక్యాలు దాటకండి!

విదేశం వెళ్లే ముందు అక్కడి భాష తప్పకుండా నేర్చుకోండి. కానీ బాగా నేర్చుకోకండి! ముప్ఫై వాక్యాల దగ్గర ఆగిపోండి. బాగా వచ్చిన భాష ఇంట్లో లీకవుతున్న గ్యాస్ సిలిండర్ కన్నా ప్రమాదం.

ఫోన్‌లో భాష నేర్పే యాప్ ఉంటుంది చూశారా? "ఈరోజు పాఠం ఇంకా చదవలేదు" అని పొద్దున్నే ప్రాణం తోడేస్తుందే, అదే! మీరంతా దాన్ని తిట్టుకుంటారు. నేను దండం పెట్టుకుంటాను. జీతం ఎందుకు పెంచడం లేదో మా బాస్ వివరిస్తుంటే నా జేబులోంచి ఓ ఆడగొంతు "శభాష్! మళ్లీ చెప్పండి!" అంది. పాపం ఆయన మళ్లీ చెప్పాడు. అయినా నేను యాప్ తీసెయ్యలేదు.

ఎందుకంటారా? మా వదినా, మా ఆవిడా కూడబలుక్కుని రెండు కుటుంబాలకీ కలిపి టూర్ బుక్ చేశారు. మా అన్నయ్యకీ నాకూ మాటల్లేవు. అమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు వరండాలో "చుట్టపుచూపుగా వచ్చిపోతున్నావేంట్రా" అన్నాడు. "ఆస్పత్రి నువ్వే కట్టించినట్టు మాట్లాడకు" అన్నాను. అమ్మ లేచి తిరుగుతోంది. మేమే ఇంకా కోలుకోలేదు. కూరగాయల షాపులో ఎదురుపడితే ఇద్దరం టమాటాల్ని తెగ పరీక్షించేస్తాం.

వదిన మా ఇద్దరి ఫోన్లలోనూ అదే యాప్ వేసింది.

ఆ ముప్ఫై వాక్యాల్లో ఏముంటాయో ఎప్పుడైనా గమనించారా? నమస్కారం. దయచేసి. క్షమించండి, పొరపాటు నాదే. మీకు సాయం చెయ్యనా? అంతే! "నీ సంగతి నాకు తెలీదా" అన్నది ఏ పాఠంలో ఉంది? "ఆ రోజు నువ్వేమన్నావో గుర్తు తెచ్చుకో" ఎక్కడుంది? పోట్లాడదామన్నా సరుకుండదు! టాక్సీవాడు ఊరంతా తిప్పితే నేను చెయ్యగలిగింది "మీ ఊరు చాలా అందంగా ఉంది" అనడమే. టవల్‌కి ఏమనాలో తెలియక మా ఆవిడ హోటల్ మేనేజర్‌ని కుశలప్రశ్నలు అడిగి తిరిగొచ్చేసింది. అతను ఎంత మురిసిపోయాడో!

అక్కడే, హోటల్లో టిఫిన్లు తింటుండగా, ఎవరో వెనక్కి తిరుగుతూ నా ప్యాంటు మీద కాఫీ ఒలకబోశారు. చూడకుండానే "క్షమించండి, పొరపాటు నాదే" అని ఆ దేశం భాషలో గబగబా అప్పజెప్పారు. తలెత్తితే అన్నయ్య!

ఇద్దరం బిగుసుకుపోయాం. నా నోరు మాత్రం అలవాటు కొద్దీ తరవాతి వాక్యం అనేసింది. "పరవాలేదు. మీరు ఎక్కడి నుంచి వచ్చారు?"

అన్నయ్య మా ఊరి పేరు చెప్పాడు. నాకు తెలియనట్టు!

"మీ కుటుంబం పెద్దదా?" అన్నాను. ఎనిమిదో పాఠం.

అన్నయ్య టిష్యూతో నా ప్యాంటు తుడుస్తూ, ఒక్కో మాటా వెతుక్కుంటూ అన్నాడు. "నాకు ఒక తమ్ముడు ఉన్నాడు."

ఆ తమ్ముడు మంచివాడేనా అని అడుగుదామనుకున్నాను. ఆ పాఠం ఇంకా రాలేదు.

ఆ తరవాత అంతా మర్యాదే. "మీకు సాయం చెయ్యనా?" అని నా బ్యాగు అందుకున్నాడు. "దయచేసి కూర్చోండి" అని బస్సులో కిటికీ సీటు ఇచ్చాడు. చిన్నప్పుడు అదే సీటు కోసం నా వీపు విమానం మోత మోగించిన మనిషి! నేను కూడా తక్కువ తినలేదు. అడుగడుగునా ధన్యవాదాలు చెప్పి చంపాను.

తిరిగొచ్చి మన ఎయిర్‌పోర్టులో దిగాం. బెల్టు దగ్గర అన్నయ్యకి తెలుగొచ్చేసింది. "అలా గుడ్లప్పగించి చూస్తావేంట్రా, నీ బ్యాగు పోతోంది!"

"నాకూ కళ్లున్నాయిలే!" అన్నాను.

అంతే! పార్కింగ్‌కి చేరేసరికి ఆస్పత్రి వరండా దాకా వెళ్లిపోయాం. ఆడవాళ్లిద్దరూ తలలు పట్టుకున్నారు.

చూశారా, భాష బాగా వస్తే ఎంత నష్టమో! దెప్పడానికొకటి, ఎత్తిపొడవడానికొకటి, సాధించడానికొకటి, తెలుగులో మాకు మాటలకేం కొదవ? "క్షమించు" అందామంటే నాటకంలో రాజుగారిలా ఉంటుంది. "సారీ" అందామంటే బస్సులో ఎవరి కాలో తొక్కినట్టుంటుంది. అన్నదమ్ములకి పనికొచ్చేది మధ్యలో ఎక్కడో ఉండే ఉంటుంది. మా ఇద్దరికీ నోరు తిరగడం లేదు.

వదిన మళ్లీ టికెట్లు చూస్తోంది, ఈసారి ఇంకో దేశానికి. నేను కొత్త భాషలో మూడో పాఠంలో ఉన్నాను. అన్నయ్య అప్పుడే ఐదుకొచ్చాడట. వీసాలు రాగానే మాట్లాడుకుంటాం. అన్నయ్య ఉండేది మా పక్కవీధిలోనే. "బాగున్నావా" అని అడగాలంటే మాత్రం నేను సముద్రం దాటాలి!