తుపాకీ సంచిలో కర్టెన్ రాడ్లు

ఆ గురువారం అప్పలనర్సయ్య వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఎనిమిదింటికల్లా స్నానం, టిఫిన్ ముగించి, తన రెండు గొట్టాల తుపాకీని ఠాణాలో జమ చేసి, రసీదు జేబులో పెట్టుకుని, పదింటికి డ్యూటీలో కూర్చోవాలి. మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో ఎన్నికలు వచ్చాయి. ఎన్నికలు వస్తే లైసెన్సు ఉన్న తుపాకులన్నీ ఠాణాకు వెళ్లాల్సిందే. సాయంత్రం ఐదింటికి గడువు ముగుస్తుంది. గడువు దాటితే లైసెన్సు రద్దు చేస్తామని నోటీసులో మరాఠీలో రాసి, కింద గీత కూడా గీశారు.

అప్పలనర్సయ్య బంగారు దుకాణంలో గన్‌మన్. బొగ్గు బావుల్లో పని కోసం పెద్దపల్లి వైపు నుంచి వచ్చిన తండ్రి వెంట చిన్నప్పుడే ఈ ఊరు చేరాడు. ఆయన ఉద్యోగం నడిచేది తుపాకీ మీద. తుపాకీ ఉంటే గన్‌మన్, లేకపోతే వాచ్‌మన్. గన్‌మన్‌కు తలుపు పక్కన కుర్చీ, పూటకో చాయ్, సేటు నోట 'నర్సయ్య భావూ' అనే పిలుపు ఉంటాయి. వాచ్‌మన్ ఎండలో నిలబడి కొనేవాళ్ల బండ్లు వరసగా పెట్టాలి. యాభై ఆరేళ్ల వయసులో బండ్లు వరసగా పెట్టే ఓపిక ఆయన మోకాళ్లకు లేదు.

అందుకే తుపాకీని ఆయన కంటికి రెప్పలా చూసుకునేవాడు. పోయిన ఏడాది బామ్నిలో ఒక గన్‌మన్ ఇంట్లో దొంగలు పడి తుపాకీ ఎత్తుకుపోయారు. తుపాకీ దొరకలేదు గానీ, దాన్ని సరిగా దాచుకోలేదని ఆ గన్‌మన్ మాత్రం పోలీసులకు రోజూ దొరుకుతూనే ఉన్నాడు. ఆ వార్త విన్నప్పటి నుంచి అప్పలనర్సయ్యకు నిద్ర కరువైంది. తుపాకీని విప్పి గొట్టాలను బీరువాలో, కర్ర భాగాన్ని మంచం కింది ఇనుప పెట్టెలో, తూటాలను బియ్యం డ్రమ్ములో వేరువేరుగా దాచాడు. గొట్టాలున్న గుడ్డ సంచి మూతికి ఎర్ర దారంతో మూడు ముళ్లు వేశాడు. అలాంటి మూడు ముళ్లు తనకు తప్ప ఇంకెవరికీ రావని ఆయన నమ్మకం.

ఇంట్లో వాళ్లకు వారం వారం పాఠం కూడా చెప్పేవాడు. తుపాకీ ఎక్కడుందో ఎవరితోనూ అనకూడదు, ఎవరైనా అడిగితే తెలియదనాలి, అవసరమైతే దాచిన చోటు మార్చాలి, మార్చినట్టు నోరు జారకూడదు. ఆయన భార్య భాగ్యలక్ష్మి పప్పు రుబ్బుకుంటూ ఈ పాఠం వినేది. విననట్టు కనిపించేది గానీ, ప్రతి ముక్కా వినేది. చిక్కంతా అక్కడే వచ్చింది.

రెండూ కలిపి దారిన తీసుకెళ్తే ప్రమాదమని ఆ గురువారం ఆయన కర్ర భాగాన్ని రెండో విడతకు ఇంట్లోనే ఉంచి, ముందు గొట్టాల సంచితో ఠాణాకు వెళ్లాడు. అక్కడ అప్పటికే ఏడెనిమిది మంది వరసలో ఉన్నారు. తన వంతు రాగానే అప్పలనర్సయ్య గర్వంగా సంచిని బల్ల మీద పెట్టాడు. ముళ్లు చెక్కుచెదరలేదు. మిగతావాళ్లు తుపాకులు తెచ్చిన తీరు చూసి ఆయనకు జాలి వేసింది కూడా. ఒకాయనైతే పాత లుంగీలో చుట్టి తెచ్చాడు. కానిస్టేబుల్ విఠల్ ముళ్లు విప్పి, సంచి వంచి దులిపాడు. అందులోంచి రెండు ఇనుప కర్టెన్ రాడ్లు జారి బల్ల మీద పడ్డాయి. వాటి వెనకే నాలుగు రింగులు దొర్లుకుంటూ వచ్చాయి.

ఇది ఏ కంపెనీ తుపాకీ అని విఠల్ అడిగాడు. వరసలో ఉన్నవాళ్లు నవ్వారు. అప్పలనర్సయ్యకు నవ్వులు వినబడలేదు. బల్ల అంచు పట్టుకున్నాడు.

"పోయింది సాబ్," అన్నాడు. "నా తుపాకి నాళీ ఎవలో ఎత్కపోయిండ్రు."

ఠాణాలో నవ్వు ఆగిపోయింది. ఎన్నికల వేళ తుపాకీ పోవడమంటే చిన్న మాట కాదు. ఎన్నికల బందోబస్తుకు ఇరవై మంది పోలీసులతో వచ్చిన ఎస్సై, అక్కడివాళ్ల మాటలో ఫౌజ్‌దార్, ప్రతీక్ లోపలి గదిలోంచి బయటికి వచ్చాడు. ఉద్యోగంలో కొత్తవాడు, గడ్‌చాందూర్‌లో తెలుగువాళ్ల మధ్య పెరిగినవాడు. రెండు రోజులుగా నడుము పట్టేసి, కుర్చీలో కూర్చోవాలన్నా, లేవాలన్నా మొహం చిట్లిస్తున్నాడు. రాడ్లను చేతిలోకి తీసుకుని బరువు చూశాడు. సంచి బరువు తేడా తెలియకుండా ఇనుము పెట్టి, ముళ్లు కూడా అచ్చం అలాగే వేశాడంటే ఇది మామూలు దొంగ పని కాదన్నాడు. ముందు దొంగను పట్టుకుందాం, కాగితాలు తర్వాత నింపుకోవచ్చని విఠల్‌కు చెప్పాడు.

అరగంటలో బామ్ని దారిలో, విసాపూర్ దారిలో బండ్లు ఆపి తనిఖీ చేసే నాకాలు పెట్టారు. పొడుగ్గా ఉన్న వస్తువు ఏది కనబడినా ఆపారు. నీళ్ల పైపులు బండికి కట్టుకుని వెళ్తున్న ప్లంబర్‌ను, పైపులను పక్కపక్కనే రోడ్డు మీద కూర్చోబెట్టారు. దొంగలు బంగారు దుకాణం మీద పడవచ్చని సేటుకు కబురు పెట్టారు. సేటు షట్టర్ దించేసి అప్పలనర్సయ్యకు ఫోన్ చేశాడు. తిట్టలేదు. రేపటి నుంచి బండ్ల దగ్గర నిలబడడానికి ఎవరైనా తెలిసినవాళ్లు ఉంటే చెప్పమని మాత్రం అడిగాడు.

అప్పలనర్సయ్యకు భయం అంతటితో ఆగలేదు. గొట్టాలు ఒక్కటే ఉంటే తుపాకీ పేలదని తనకు తనే ధైర్యం చెప్పుకున్నాడు. మరుక్షణమే, తెలిసిన వడ్రంగి ఎవడైనా కర్ర భాగాన్ని ఒక్క పూటలో చెక్కి ఇవ్వగలడని గుర్తొచ్చింది. ఎక్కడో, ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి తన గొట్టాల ముందు పడి చచ్చిపోతే ఆ పాపం ఎవరిది? ముప్పై ఏళ్లలో ఆ తుపాకీతో ఆయన ఒక్క పిట్టను కూడా కొట్టలేదు. పోలీసులు ఆయన్ను జీపులో ఇంటికి తీసుకెళ్లారు.

ఇంట్లో పోలీసులు మొదట అడిగింది ఈ మధ్య కొత్తవాళ్లు ఎవరైనా వచ్చారా అని. సోమవారం గోడలకు సున్నం వేయడానికి విసాపూర్ నుంచి ఇద్దరు వచ్చారని తేలింది. వాళ్లిద్దరినీ బ్రష్షులతో, బకెట్లతో సహా తెచ్చి వాకిట్లో కూర్చోబెట్టారు. ఆ తర్వాత విఠల్ ప్లాస్టిక్ కవరులో చీటీ అంటించి తెచ్చిన సాక్ష్యాన్ని భాగ్యలక్ష్మికి చూపించాడు. ఆ రాడ్లను ఆమె చూడగానే గుర్తుపట్టింది.

జరిగింది ఇది. సున్నం వేసేవాళ్లు బీరువా జరపాలన్నారు. పరాయివాళ్ల చేతుల్లో బీరువా, అందులో గొట్టాలు. మొగుడు డ్యూటీలో ఉన్నాడు. భాగ్యలక్ష్మి వాళ్లను చాయ్‌కి పంపి, చుట్టాల కోసం అటక మీద చుట్టిపెట్టిన పరుపు దింపి, ఒక పక్క కుట్టు విప్పి, గొట్టాలను దూది మధ్యలోకి తోసి, మళ్లీ కుట్టేసి అటక ఎక్కించింది. సంచి ఖాళీగా ఉంటే అనుమానం వస్తుందని, సున్నం కోసం ముందు గది కిటికీల నుంచి తీసిన రాడ్లను అందులో పెట్టి ఎర్ర దారంతో మూడు ముళ్లు వేసింది. దొంగ వచ్చినా రాడ్లు ఎత్తుకుపోతాడు. మొగుడు చెప్పిన పాఠాన్ని అంత బాగా పాటించిన మనిషి ఆ ఇంట్లో ఇంకొకరు లేరు.

ఎవరూ చూడకుండా ఆమె స్టూలు ఎక్కి అటక మీదికి చూసింది. పరుపు లేదు. దిగి వచ్చి వంటింట్లో గోడకు ఆనుకుని కూర్చుంది. ఇప్పుడు నిజం చెబితే, తనే దొంగ చేతికి తుపాకీ అందించినట్టవుతుంది. చెప్పకపోతే వాకిట్లో ఉన్న ఇద్దరి ఒళ్లు హూనమవుతుంది. దేవుడికి మొక్కుకుంది గానీ, ఏమని మొక్కుకోవాలో ఆమెకే తెలియలేదు.

ఇంతలో ఫౌజ్‌దార్ నడుము పట్టుకుని ఇల్లంతా ఒకసారి తిరిగి, ముందు గదిలో ఆగాడు. కిటికీల వైపు చూశాడు. కవరులోని రాడ్ల వైపు చూశాడు. ఆ గది కిటికీలు రెండూ బోసిగా ఉన్నాయి.

"కాకా, మీ కిటికీల రాడ్లు యాడున్నయ్?" అని అడిగాడు.

అప్పలనర్సయ్య కూడా కిటికీల వైపు అప్పుడే చూశాడు. ఇంటి రాడ్లే సంచిలో దొరికాయంటే బయటి దొంగ ఎవరూ లేడని, గొట్టాలు ఎవరికో అమ్ముకుని దొంగతనం నాటకం ఆడుతున్నాడని ఫౌజ్‌దార్ తేల్చేశాడు. జీపు ఎక్కమన్నాడు. అప్పలనర్సయ్య చెప్పుల కోసం వెతుక్కుంటుంటే భాగ్యలక్ష్మి వంటింట్లోంచి వచ్చింది.

"ఆయనను ఇడిసిపెట్టు బిడ్డా. రాడ్లు పెట్టింది నేనే. నాళీ గాదీల పెట్టి కుట్టిన."

అప్పలనర్సయ్య ఆమె వైపు గుడ్లప్పగించి చూశాడు.

"నాకెందుకు చెప్పలే?"

"ఎవ్వలకు చెప్పద్దని నువ్వే గదా అన్నవ్."

"నాకు సుత చెప్పద్దన్ననా?"

"నువ్వు ఆగమాగం మనిషివి. నీకు చెప్తే ఊరంత తెలుస్తది."

మామూలు రోజైతే ఈ సంభాషణ గంట సేపు సాగేది. ఆ గాదీ, ఆ పరుపు ఎక్కడని ఫౌజ్‌దార్ అడగడంతో ఆగింది. అటక మీది నుంచి అది కూడా పోయిందని భాగ్యలక్ష్మి చెప్పేసరికి, ప్రతీక్ నడుము నొప్పి మరిచిపోయి నిటారుగా నిలబడ్డాడు. కేసు మళ్లీ కొత్తగా మొదలైంది. తుపాకీ దొంగ కాదు, పరుపుల దొంగ. పైగా తాను ఏం ఎత్తుకుపోయాడో తనకే తెలియని దొంగ. అలాంటివాడు దాన్ని సంతలో ఎవరికి అమ్మేస్తాడో దేవుడికే తెలియాలి.

బందోబస్తు పోలీసులంతా వాడలోకి దిగారు. ఇంటింటా పరుపులు బయటికి లాగి, తొక్కి, నొక్కి, గోనెలు కుట్టే సూదులతో గుచ్చి చూశారు. మూడు గంటలకల్లా వాడంతా దూది. ఒక ఇంట్లో పరుపులో ఇనుప వస్తువు తగిలిందని ఈలలు వేస్తే, అది ఆ ఇంటి ముసలమ్మ కోడలికి తెలియకుండా దాచుకున్న అడకత్తెర అని తేలింది. అక్కడ అత్తాకోడళ్ల మధ్య వేరే గొడవ మొదలైంది. ఆ గొడవ తీర్చడానికి ఇద్దరు పోలీసులను వదిలి మిగతావాళ్లు ముందుకు వెళ్లారు.

ఐదైంది. గడువు గుర్తుండాలని అప్పలనర్సయ్య పొద్దున ఫోన్‌లో పెట్టుకున్న అలారం మోగింది. దాన్ని ఆపడానికి కూడా ఆయన చేయి లేవలేదు. లైసెన్సు పోయింది, కుర్చీ పోయింది, మిగిలింది జైలు. గడప మీద కూర్చుని గట్టిగానే ఏడ్చాడు. భాగ్యలక్ష్మి పక్కన కూర్చుని ఆయన వీపు నిమిరింది. ఆమె కూడా ఏడుస్తూనే ఉంది.

ఐదున్నరకు కోడలు స్నేహలత బడి నుంచి వచ్చింది. మరాఠీ బడిలో పంతులమ్మ. పొద్దున ఏడింటికి వెళ్తే అప్పుడే రావడం. వాకిట్లో పోలీసులను, సున్నం బకెట్లను, ఏడుస్తున్న అత్తమామలను చూసి బెదిరిపోయింది. అటక మీది గాదీ నువ్వేమన్నా చూశావా అని భాగ్యలక్ష్మి ఆశ లేకుండానే అడిగింది.

"అది నేనే ఇచ్చిన అత్తమ్మా, మంగళారం బడి నుంచి వచ్చినంక. చర్చి హాలుల పోలీసోళ్లు దిగుతుండ్రు, పండుకోనికి గాదీలు కావాలెనని శాంతిరాజు అంకుల్ అడిగిండు. గా దినం మీరు బజారుకు పోయిండ్రు. మన దగ్గర ఊకెనే పడి ఉంది గదా అని ఇచ్చిన."

అందులో ఆమె తప్పేమీ లేదు. ఆ వాడలో ఎవరింటికి పది మంది వచ్చినా చుట్టుపక్కల ఇళ్ల పరుపులే వెళ్తాయి. ఇచ్చినట్టు ఎవరూ ఎవరికీ చెప్పరు, పని అయ్యాక అవే వచ్చేస్తాయి.

చర్చి పెద్ద శాంతిరాజును పిలిపించారు. అప్పలనర్సయ్య ఇంటి పరుపా, నీలం చారలదే కదా అన్నాడు ఆయన. తెచ్చిన పన్నెండింటిలో అదే అన్నిటికన్నా మందంగా, బరువుగా ఉందట. అందుకని దాన్ని మామూలు పోలీసులకు వేయడానికి మనసొప్పక, పెద్ద సాబ్‌కే వేయించాడట.

ప్రతీక్ చేయి తనంతట తానే నడుము మీదికి వెళ్లింది.

అందరూ కలిసి చర్చి హాలుకు నడిచారు. నీలం చారల పరుపు ఫౌజ్‌దార్ మంచం మీద, ఆయన లాఠీ, టోపీల కింద బుద్ధిగా ఉంది. కుట్టు తనదే కాబట్టి భాగ్యలక్ష్మే కత్తెరతో విప్పింది. దూది అంటుకున్న గొట్టాలు బయటికి రాగానే అప్పలనర్సయ్య వాటిని గుండెకు హత్తుకున్నాడు.

విఠల్ పెన్ను తీశాడు. పంచనామాలో తుపాకీ దొరికిన స్థలం ఏమని రాయాలో చెప్పమన్నాడు. ఇరవై మంది పోలీసులు, రెండు నాకాలు, వాడలో పరుపులన్నీ అయ్యాక, పోయిన తుపాకీ దర్యాప్తు అధికారి నడుము కింద దొరికింది. ప్రతీక్ మంచం వైపు చూశాడు, విఠల్ వైపు చూశాడు, చాలాసేపు ఆలోచించాడు.

"పోయిందని ఎవలన్నరు?" అన్నాడు చివరికి. "మంగళారం నుంచి పోలీసుల తానే ఉంది గదా. మంగళారమే జమ అయిందని రసీదు రాయి. కర్ర భాగం ఇప్పుడు తెప్పియ్."

గడువుకు రెండు రోజుల ముందే తుపాకీ జమ చేసిన బాధ్యత గల పౌరుడిగా అప్పలనర్సయ్య ఇంటికి వెళ్లాడు. సున్నం వేసేవాళ్లను, ప్లంబర్‌ను వదిలేశారు. రసీదు చూసి సేటు మెత్తబడి, కుర్చీ అక్కడే ఉంటుందన్నాడు. తుపాకీ ఇప్పుడు ప్రభుత్వం వారి తాళం కింద ఉందన్న ధైర్యంతో ఆయన ఏడాది తర్వాత మొదటిసారి కంటినిండా నిద్రపోయాడు.

ఫలితాలు వచ్చిన మర్నాడు రసీదు పట్టుకుని ఠాణాకు వెళితే, దొంగల భయానికి ఎక్కడో చాలా జాగ్రత్తగా దాచామని, ఎక్కడో గుర్తు రాగానే కబురు పెడతామని చెప్పి పంపించారు.