కొసరు సెంటీమీటరు

ఆ రోజుకి ఆమె వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పొద్దున్నే కొత్త జెట్ ఇంజన్ ఫ్యాను లెక్క ముగించాలి, మధ్యాహ్నం రెండున్నరకి ఆఫీసు వదలాలి, మూడింటికని కూతురు నాలుగుసార్లు చెప్పిన ఈత పోటీ చూడాలి. ఇంతకుముందు రెండు పోటీలకి వస్తానని మాటిచ్చి వెళ్ళలేదు. ఈసారీ వెళ్ళకపోతే ఆ పదేళ్ళ పిల్ల ఇక తనని పిలవడమే మానేస్తుందేమోనని ఆమెకి నిజంగానే భయంగా ఉంది.

ఇంజన్ ముందు గాలిని లాగే పెద్ద ఫ్యాను డిజైను ఆమెది. వెనకుండి దాన్ని తిప్పే టర్బైను, అందరూ గురువుగారని పిలిచే గడ్డం ఇంజనీరుది. మొత్తం బరువు చూసేది తూకం బాబాయ్. ముగ్గురి లెక్కలూ ఒకే సాఫ్ట్‌వేరులో ఉంటాయి. ఒకరు అంకె మారిస్తే చాలు, దాని దెబ్బ తగిలినవాళ్ళ తెర ఎర్రబడుతుంది. జాగ్రత్తకి కావలసినంత అదనం ఆ సాఫ్ట్‌వేరే కలుపుతుంది. అయినా ముగ్గురికీ పైన కాస్త కొసరు వేసే అలవాటుంది. ఎవరి కొసరు వాళ్ళ గుట్టు.

తొమ్మిదింటికి ఆమె ఫ్యానుని ఒక సెంటీమీటరు పెంచింది. అవసరమై కాదు, ఎందుకైనా మంచిదని. దాన్ని తిప్పడానికి బలం చాలదని గురువుగారి తెర ఎర్రబడింది. ఆయన టర్బైను పెంచి, పైన తన కొసరు వేశాడు. బరువు పెరిగిందని తూకం బాబాయ్ ఇంజన్ని రెక్కకి పట్టి ఉంచే బిగింపులు లావు చేసి, తన కొసరు తను వేశాడు. ఇంత బరువు ఎగరాలంటే ఫ్యాను ఇంకా పెద్దది కావాలని సాఫ్ట్‌వేరు మళ్ళీ ఆమెనే అడిగింది. ఆమె పెంచింది, కొసరుతో సహా.

భోజనాల వేళకి ఈ తతంగం ఏడు చుట్లు తిరిగింది. పక్కపక్కనే కూర్చున్న ముగ్గురూ, మిగతా ఇద్దరికీ పని రాదని లోలోపల విసుక్కున్నారే తప్ప ఒక్కరూ నోరు విప్పలేదు. రెండింటికి చీఫ్ వచ్చి, బొమ్మని గోడమీది పెద్ద తెరకి ఎక్కించమన్నాడు. విమానం రెక్క కింద వేలాడాల్సిన ఇంజన్ రన్‌వేలోకి మూరెడు దిగబడి ఉంది.

"ఇది ఎగరడానికా, బోరు వెయ్యడానికా?" అన్నాడు చీఫ్.

ఎవరెంత కొసరు వేశారో చెప్పమన్నాడు. తన సర్వీసులో కొసరన్నదే ఎరగనన్నాడు గురువుగారు. ఆ మాట వినడమే ఇది మొదటిసారన్నాడు తూకం బాబాయ్. సంగతి తేలేదాకా ఎవరూ కదలడానికి వీల్లేదని చీఫ్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అప్పటికి రెండూ ఇరవై అయింది. ఆమెకి ఏడుపొక్కటే తక్కువ.

"మొదట వేసింది నేనే సార్. ఒక సెంటీమీటరు. తీసేస్తున్నా. మీరూ తీసెయ్యండి బాబాయ్, మా అమ్మాయి ఎదురుచూస్తూ ఉంటుంది," అంది.

తూకం బాబాయ్ తనదీ తీశాడు. ఆ తర్వాత గురువుగారికీ తప్పలేదు. అయితే తియ్యడం మొదలుపెట్టాక ఆ రోజువే కాదు, పాత ఇంజన్ల లెక్కల్లోంచి దీన్లోకి వచ్చిన ఆరేళ్ళ కిందటి కొసర్లు కూడా బయటపడ్డాయి. ఒక్కొక్కటీ తీసేసరికి మూడు దాటింది. ఆమె గడియారం వైపు చూడటం మానేసింది. ఇంజన్ నేలలోంచి లేచింది, రెక్క కింద సర్దుకుంది, ఇంకా చిక్కింది. మూడూ పదికి, ఆ ఆఫీసులో ఎన్నడూ చూడనంత తేలికైన ఇంజన్ తెర మీద నిలిచింది. చీఫ్ మురిసిపోయి, ఇకమీదట కొసరన్న మాట వినబడకూడదని ఆర్డరు వేశాడు. ఈ ఘనత నీదేనని చెబుదామని వెనక్కి తిరిగేసరికి ఆమె కుర్చీ ఖాళీగా ఉంది.

మూడూ నలభైకి ఆమె రొప్పుతూ ఈతకొలను చేరింది. నీళ్ళలో ఎవరూ లేరు. అంతా అయిపోయిందనుకుని మెట్ల మీద కూలబడింది. పక్కకి చూస్తే కూతురు టోపీ సర్దుకుంటూ తాపీగా నిలబడి ఉంది.

"మళ్ళీ ఆలస్యం చేశానే. ఏమీ అనుకోకు," అంది తల్లి.

"ఇంకా మొదలవలేదమ్మా. పోటీ నాలుగింటికి. ఎందుకైనా మంచిదని నీకు మూడని చెప్పా."

ఆ కొసరు మాత్రం తీసెయ్యమని ఆమె అనలేదు.