పాప కోసం వచ్చిన ఆవు

ఆ రోజు నీలిమ అనుకున్నది చిన్న పని. తొమ్మిది గంటల బస్సుకు పుంగనూరు నుంచి మదనపల్లె వెళ్లి, ఐదు నెలల పాపను డాక్టరమ్మకు చూపించి, మధ్యాహ్నానికి ఇల్లు చేరాలి. రెండేళ్ల కిందట బరువు తగ్గడానికి పొట్ట చిన్నది చేసే ఆపరేషన్ చేయించుకున్న మనిషి కాబట్టి, తన రక్తపరీక్షలు, విటమిన్ మాత్రలు, పాప తూకం ఏదీ తప్పనివ్వదు. పాపకు తన పాలే పట్టాలని ఆమె పంతం.

ఆ పంతానికి అడ్డు అత్త మునీశ్వరి. బాలింత అన్నాక పూటకు రెండు ముద్దల సంగటి తినాలని ఆమె లెక్క. నీలిమకు ఒకసారికి పట్టేది నిమ్మకాయంత. అలా రోజుకు ఆరుసార్లు తింటుందన్న సంగతి అత్తగారి లెక్కలోకి రాదు. కోడలు బస్సెక్కగానే ఆమె కుప్పంలో ఉన్న తమ్ముడు కొండప్పకు ఫోన్ చేసింది.

"పిడికెడు కూడా తినని తల్లికి పాలు యాడ్నుంచి వస్తాయప్పా? బిడ్డ పస్తుండాది."

కొండప్ప ఆ మాట నలుగురికీ చెప్పాడు. మదనపల్లెలో కాపురముంటున్న మునీశ్వరి కూతురు అమరావతికి చేరేసరికి, నీలిమకు అసలు పొట్టే లేదని, పాపకు కళ్లు తేలిపోయాయని అయింది.

ఒంటిగంటకు నీలిమ తిరిగొస్తే ఇంటి ముందు పదిహేను జతల చెప్పులు. అమరావతి పాలపొడి డబ్బా ఒళ్లో పెట్టుకుని ఏడుస్తోంది. వాకిట్లో కొండప్ప బండిలోంచి ఆవును దింపుతున్నాడు. నీలిమకు ఒళ్లు మండిపోయింది.

"పోయిన నెలకన్నా అరకిలో పెరిగింది. ఇదో కార్డు, సూడండి."

కార్డు ఎవరూ చూడలేదు. పాపను మాత్రం చేతులు మార్చి మార్చి చూశారు. పాప గుక్కపట్టి ఏడ్చింది.

"సూడు, ఎంత ఆకలో," అంది అమరావతి.

"ఆకలి కాదు వదినా, మీ అందరినీ సూసి బెదిరిపోయింది. నా బిడ్డకు నేను పాలిచ్చేదానికి ఇంత పంచాయితీ యాల?"

ఆమె గోడు వినకుండానే మునీశ్వరి చెంబు తీసుకుని ఆవు దగ్గర కూర్చుంది. ఆవు చేపలేదు, చుక్క పాలు విడవలేదు. పొదుగు కడిగారు, తవుడు పెట్టారు, గంగడోలు నిమిరారు. అది చెంబును ఒక్క తన్ను తన్నింది.

"దూడ యాడుందిరా?" అంది మునీశ్వరి.

"బండిలో సోటు లేదక్కా. కుప్పంలోనే కట్టేసొచ్చినా."

మునీశ్వరి అగ్గి మీద గుగ్గిలమైంది.

"నీకు బుద్ధుండాదా? పాలు తాగే బిడ్డను తల్లికాడ నుంచి ఎడం జేస్తావా? దాని ఉసురు ఊరికే పోతాదా?"

నీలిమ అత్తనే చూస్తూ, అమరావతి చేతిలోంచి పాపను తీసుకుంది. మునీశ్వరి తల దించుకుని లేచి వెళ్లి, గది గుమ్మంలో కూర్చున్న చుట్టాలను తానే లేపి కోడలికి దారి ఇప్పించింది. కాసేపటికి లోపల పాప ఏడుపు ఆగింది.

ఆవు వస్తోందన్న ధీమాతో ఆ రోజు ఎవరూ పాలు కొనలేదు కాబట్టి, చుట్టాలందరూ వట్టి డికాషన్ తాగి వెళ్లారు.