నల్ల కీబోర్డా, బూడిదరంగు కీబోర్డా?

ఆ రోజు మా ఇంట్లో ఉన్నవాళ్లు: సంఘ పెద్ద అయిన మా నాన్న జక్కయ్య, భవానీపురంలో రేడియోలు బాగుచేసే మా బాబాయి నతానియేలు, మా చర్చి పాస్టరుగారు, నాయనమ్మ సంపూర్ణమ్మ, రెండు డిజిటల్ కీబోర్డులు. నేనూ ఉన్నాను గానీ, నన్ను కీబోర్డుల తర్వాత చెప్పుకోవాలి.

పాఠకులారా! డిజిటల్ కీబోర్డు వచ్చాక సంగీతానికి పట్టిన పీడ వదిలింది. ఆ పీడ ఎవరంటారా? వాయించేవాళ్లు! నవ్వకండి, నిరూపిస్తాను.

పాత హార్మోనియం ఎంత మొండిదో మీకు తెలుసు. ఎవరో ఒకరు కూర్చుని, ఒక చేత్తో గాలి కొడుతూ ఇంకో చేత్తో మెట్లు నొక్కితే తప్ప పలకదు. సండే స్కూల్లో రెండేళ్లుగా ఆ పని చేస్తున్నది నేనే. సిగ్గుకొద్దీ గోడవైపు తిరిగి వాయిస్తాను కాబట్టి ఎవరికీ గుర్తుండదు. ఈ క్రిస్మస్ ఆరాధనలో పెద్దల ముందు వాయించాలని నా కోరిక. ఆ సంగతి నా డైరీకి తప్ప ఎవరికీ తెలియదు.

కీబోర్డుకి ఇలాంటి కోరికలుండవు. డెమో అనే బటన్ నొక్కితే దానంతటదే వాయించుకుంటుంది! చర్చికి ఒకటి కొందామని బాబాయి బెజవాడ నుంచి రెండు రకాలు పట్టుకొచ్చాడు.

"ఇది వేవ్‌టేబుల్ అన్నయ్యా. అసలు వయొలిన్ శబ్దంలోంచి చిన్న ముక్క కోసి లోపల దాస్తారు. మీట నొక్కితే ఆ ముక్కనే తిప్పి తిప్పి వినిపిస్తది. ముక్క బాగుంటే క్వాలిటీ బాగున్నట్టు."

"ముక్కేంట్రా, చేపా?" అంది నాయనమ్మ.

ఎంత శాస్త్రీయంగా పోల్చారో చూడండి! నల్లదాని వయొలిన్ రైసుమిల్లు తలుపులా ఉందన్నాడు నాన్న. బూడిదరంగుదాని వయొలిన్‌కి జలుబు చేసిందన్నారు పాస్టరుగారు. నల్లదాని ఫ్లూటుకి మా గేదె లేచి నిలబడింది, రెండోదానికి పడుకుంది. గేదె ఓటు ఎటు పడిందో తేలక అరగంట గడిచింది.

ఇంతలో పాస్టరుగారి వేలు హెలికాప్టర్ శబ్దం మీద పడింది. నాయనమ్మ గిన్నె పట్టుకుని వాకిట్లోకి పరిగెత్తింది! తుఫాను తర్వాత పైనుంచి పడే పులిహోర పొట్లాలు ఏరుకున్న మనిషి మరి.

"చూశారా అయ్యగారూ, మా అమ్మే నమ్మింది! క్వాలిటీ అంటే అదండీ!" అన్నాడు నాన్న.

ఆఖరి పరీక్ష బాబాయి పెట్టాడు. "రంగు చూసి మోసపోతాం. అందరూ కళ్లు మూసుకోండి. స్టెల్లా, నువ్వు ఒక్కోదానికి డెమో నొక్కమ్మా."

అందరూ కళ్లు మూసుకున్నారు. ప్రార్థన అనుకుని నాయనమ్మ ముసుగు కూడా వేసుకుంది.

నన్నెవరూ చూడటం లేదు. నాబోటిదానికి ఇంతకన్నా మంచి సభ దొరుకుతుందా? నల్లదానికి డెమో నొక్కాను. ఎవరో తరుముతున్నట్టు అదేదో వాయించి ఊరుకుంది. బూడిదరంగుదానికి నొక్కలేదు. రెండు చేతులూ పెట్టి, మేం ఆదివారం పాడుకునే స్తుతిపాట నేనే వాయించాను.

నాన్న తల ఊపాడు. పాస్టరుగారు గొంతు కలిపారు. నాయనమ్మ చప్పట్లు కొట్టింది.

"ఇదేనండీ! మన పాట కూడా లోపల పెట్టారు చూడండి!" అన్నాడు నాన్న, కళ్లు తెరవకుండానే.

కీబోర్డు మహిమ చూశారా? రెండేళ్లుగా నేను వాయిస్తుంటే అటు తిరిగి చూడని నాన్న, యంత్రం అనుకునేసరికి మెచ్చుకున్నాడు!

"అది డెమో కాదు నాన్నా, నేనే..." అన్నాను. నా గొంతు నాకే సరిగ్గా వినపడలేదు.

"నువ్వేలే తల్లీ, బాగా నొక్కావు. ఏదీ, ఇంకోసారి విందాం," అంటూ బాబాయి తనే డెమో నొక్కాడు.

ఏదో ఇంగ్లీషు డాన్సు పాట వచ్చింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ అదే డాన్సు.

"మన పాటేదిరా?" అన్నాడు నాన్న.

బాబాయి బటన్లన్నీ నొక్కి చూశాడు. కుక్క మొరిగింది, తుపాకీ పేలింది, హెలికాప్టర్ ఇంకోసారి వచ్చింది. పాట మాత్రం రాలేదు. మగవాళ్లు ముగ్గురూ నావైపు తిరిగారు.

"అమ్మాయి ఏదో నొక్కి చెరిపేసిందన్నయ్యా."

"నేను వాయిస్తాను నాన్నా, మళ్లీ వస్తుంది," అన్నాను ఈసారి గట్టిగానే.

"చేసింది చాల్లే! ఆ పాట దొరికేదాకా నువ్వు లోపలికి రావద్దు!" అని నన్ను వసారాలోకి పంపి, నాన్న తలుపు వేశాడు.