అడవిదున్నకో చక్రాల ఇల్లు

మా ఆయన వెర్లిన్ నా మాటకి ఎదురు చెప్పాడంటే నేను నిశ్చింతగా నిద్రపోతాను. "నువ్వన్నదే కరెక్టు ఆర్డీ" అన్నాడంటే మాత్రం నాకు భయం.

మొన్న వసంతంలో అదే జరిగింది. హాల్లోకి కొత్త సోఫా కొన్నాను, లేత గోధుమరంగుది. దాని పక్కన ఆయన రిక్లైనర్ కుర్చీ ఎలా ఉందంటే, పెళ్ళి ఫోటోలోకి దున్నపోతు దూరినట్టుంది. ఆ కుర్చీ మా పెళ్ళి కంటే కాస్త చిన్నది, అంతే. మట్టిరంగు ఒళ్ళు, వీపున బొచ్చు ఊడిన మచ్చలు, చేతుల మీద వెండిరంగు టేపు అతుకులు. వెనక్కి వాలిస్తే ఒక మూలుగు, లేపితే ఇంకో మూలుగు. దానికి నేను పెట్టిన పేరు అడవిదున్న.

"దీన్ని బేస్‌మెంట్‌లోకి దింపుదాం," అన్నాను.

"నువ్వన్నదే కరెక్టు ఆర్డీ," అన్నాడు.

నేను అప్పుడే భయపడి ఉండాల్సింది. కుర్చీ ఆ రోజే కిందికి దిగింది, నేను సోఫా మురిపెంలో పడి మర్చిపోయాను.

ఆ తర్వాతి వారం మా వాకిట్లోకి ఒక ట్రైలర్ వచ్చింది. కారు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే చిన్న ఇల్లు, మా నాన్నల కాలంనాటిది. రేకు ఒళ్ళు, పొంగిన రొట్టె ఆకారం, ఆ రొట్టెని ఎవరో ఓ పక్క కొరికినట్టు పెద్ద సొట్ట.

"ఏమిటిది?"

"నీకోసమే. సరస్సు దగ్గరికి వెళ్ళి హాయిగా ఉండొచ్చు, మనిద్దరమే. లోపలంతా కొత్తగా చేసి పెడతాను."

"సరస్సుకెళ్తే నీకు చేపలు, నాకు దోమలు."

"దోమతెర కడతాను."

"నాకా, చేపలకా?"

లోపల అడుగు పెట్టాను. అడుగు కిందికే పోయింది. వాన నీళ్ళు దిగి నేల చెక్క పుచ్చిపోయింది. పొయ్యి కింద ఎలుకలు మూడు తరాల కాపురం పెట్టుకుని ఉన్నాయి. గోడల నుంచి తడిసిన కుక్క వాసన వేసింది. కుక్క మాత్రం కనబడలేదు.

"ఎముకలు గట్టివి," అన్నాడు వెర్లిన్, గోడని తట్టి. తట్టిన చోట ఒక ముక్క ఊడి ఆయన బూటు మీద పడింది.

సాయానికి స్నేహితుడు మైలో వచ్చాడు. ఊళ్ళో అతన్ని "కోసి కొలిచే మైలో" అంటారు. లోకమంతా కొలిచి కోస్తుంది, అతను కోసి కొలుస్తాడు. కొలిచాక "హుఁ" అంటాడు. ఆ హుఁ వాకిట్లోంచి వినిపించినప్పుడల్లా ఒక ప్లైవుడ్ పలక పోయినట్టే లెక్క.

ట్రైలర్ వెనకవైపు చట్రం కూడా పుచ్చింది కాబట్టి ఆ వైపు రేకంతా ఊడదీశారు. నేను కాఫీ తీసుకెళ్ళేసరికి మైలో పాఠం చెబుతున్నాడు. "వీటిని ఫ్యాక్టరీలో తిరగేసి కట్టేవాళ్ళోయ్ వెర్లిన్. ముందు నేల. దాని మీద బల్లలు, బీరువాలు. ఆ తర్వాత గోడలు. అన్నిటికీ ఆఖర్న పైన రేకు. ఇల్లు కట్టి సామాను పెట్టడం కాదు. సామాను పెట్టి, చుట్టూ ఇల్లు చుట్టడం."

ఆ మాట వినగానే మా ఆయన మొహం మీద ఒక వెలుగు వచ్చింది. ఎండ అనుకున్నాను.

మర్నాటి నుంచి ఆ వెనకవైపుకి దుప్పటి కట్టేశారు. "నువ్వు చూడకూడదు. అంతా అయ్యాక చూపిస్తా," అన్నాడు. ఆయన దాచాలనుకున్నది నేను చూడకపోవడం మా ఇంట్లో ఎప్పుడూ జరగలేదు. కానీ దుప్పటి నాది, మంచిది, మేకులు కొట్టి కట్టారు. ముందు ఆ బాధలోనే ఉండిపోయాను.

కర్టెన్లు, దిండ్లు కుట్టే పని నాకిచ్చాడు. నేను కాలేజీలో గృహవిజ్ఞానం చదివినదాన్ని, కుట్టు వంకర పోతే నిద్ర పట్టదు. పసుపు మీద తెల్ల చామంతులున్న గుడ్డ తెచ్చాను. ఇలాంటి ట్రైలర్లలో బల్లకి అటొకటి ఇటొకటి కూర్చునే బెంచీలుంటాయి కదా, రెండు దిండ్లకి సరిపడా కత్తిరించబోయాను.

"ఒకటి చాలు," అన్నాడు వెర్లిన్.

"బెంచీలు రెండు."

"రెండోదాని సంగతి తర్వాత చూద్దాం. ఆ ఒకటీ పలచగా కుట్టు. వేలెడు మందం చాలు," అన్నాడు.

"పలచగా ఎందుకు?"

"స్థలం కలిసొస్తుంది."

"కూర్చునేది నేను."

"నువ్వు తేలికేగా ఆర్డీ."

ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నా బరువు గురించి మంచిమాట అనడం అదే మొదటిసారి. ఇక అనుమానం అక్కర్లేదు, ఏదో ఉంది.

కర్టెన్లు, దిండు కుట్టి ఇచ్చేశాక ఒక మధ్యాహ్నం జామ్ సీసా కోసం బేస్‌మెంట్‌లోకి దిగాను. అడవిదున్న లేదు. అది నిలబడ్డ చోట తివాచీ మీద నాలుగు గుంటలున్నాయి. పైకి వంటింట్లోకి వచ్చి అడిగాను.

"వెర్లిన్, నీ కుర్చీ ఏది?"

"చర్చి సంతకి ఇచ్చేశాను. ఎవరో పేదవాళ్ళు కూర్చుంటారు."

"ఏ చర్చి?"

"మన లూథరన్ చర్చే. పోయిన శనివారం పాతసామాను సంత జరగలేదూ?"

"జరిగింది. నడిపింది నేను."

వెర్లిన్ ఫ్రిజ్ తలుపు తీసి లోపలికి తొంగి చూశాడు.

"అయితే నువ్వు చూసుండవు," అన్నాడు.

నేను చేతులు తుడుచుకుని నేరుగా ట్రైలర్ దగ్గరికి నడిచాను. అప్పటికే దుప్పటి తీసేశారు, వెనక రేకు బిగించేశారు. తలుపు తీశాను.

నిజం చెప్పాలి, చాలా బాగా చేశాడు. గోడలకి బర్చ్ చెక్క పలకలు తేనె పూసినట్టు మెరుస్తున్నాయి. పాత పొయ్యి తోమితే తెల్లగా వచ్చింది. నా కర్టెన్లు కిటికీలకి చక్కగా కుదిరాయి. కుడివైపు నా బెంచీ, దాని మీద వేలెడు మందం దిండు. ఎడమవైపు, రెండో బెంచీ ఉండాల్సిన చోట, సింహాసనం ఎక్కిన మహారాజులా అడవిదున్న.

పక్కనున్న పిడి లాగి చూశాను. అది మూలుగుతూ వాలింది. కింది నుంచి కాళ్ళు చాపుకునే పలక బయటికొచ్చి, సరిగ్గా నా దిండు మీదికొచ్చి ఆగింది. మధ్యలో ఒక వేలు పట్టేంత సందు లేదు. పలచ దిండు రహస్యం అదీ. సరస్సు ఒడ్డున నేను ఆయన పాదాల పక్కన ఒదిగి కూర్చోవాలన్నమాట.

వెనకాలే వెర్లిన్ వచ్చాడు.

"బాగా కుదిరింది కదూ?"

"దీన్ని బయటికి తీయి."

"తీద్దామనే నాకూ ఉంది ఆర్డీ. కానీ చూడు, తలుపు ఇంతే. కుర్చీ ఇంత. రేకు వేయకముందు వెనక నుంచి పెట్టాం. ఇప్పుడు తీయాలంటే మళ్ళీ రేకంతా ఒలవాలి. మైలో అంచులన్నీ జిగురు పెట్టి మూసేశాడు కూడా. నా చేతుల్లో ఏముంది? అది ట్రైలర్‌లో భాగం అయిపోయింది."

బయట మైలో "హుఁ" అన్నాడు. జీవితంలో ఒక్కసారి కొలత కుదిరిన మనిషి హుఁ అది.

"అలాగా," అన్నాను నేను.

మన మిన్నెసోటాలో ఆడవాళ్ళు అరిస్తే మగవాళ్ళు భయపడరు. "అలాగా" అంటే భయపడాలి. మా ఆయన ఈల వేసుకుంటూ ఇంట్లోకి వెళ్ళాడు.

ఆ తర్వాత నేను చేసిందల్లా, ఆదివారం ట్రైలర్ చూడ్డానికి కాఫీకి రమ్మని మైలోతో పాటు మరో ఇద్దర్ని పిలవడమే.

ఆ ఇద్దరూ మా పక్కింటి దంపతులు, రోజాల్బా, కార్మైన్. న్యూజెర్సీ నుంచి వచ్చి ఏడాది కాలేదు. మన పద్ధతులు వాళ్ళకింకా తెలియవు. మన పద్ధతి మీకు తెలిసిందే. పళ్ళెంలో ఆఖరి కేకు ముక్క ఎవరూ తినరు. ఒకరు సగం కోసుకుంటారు, ఇంకొకరు ఆ సగంలో సగం, ఆ పళ్ళెం అలా చీకటి పడేదాకా తిరిగి, చివరికి భూతద్దంతో చూడాల్సిన ముక్క మిగులుతుంది. అలాగే ఎవరేం ఇస్తామన్నా మొదటిసారి వద్దనాలి. రెండోసారీ వద్దనాలి. మూడోసారి బతిమాలితే, "మీరింతగా అంటున్నారు కాబట్టి" అని తీసుకోవాలి. మా ఆయన ఈ పద్ధతి మీద బతుకుతున్నవాడు. మంచు తోసే యంత్రం ఊరందరికీ రెండుసార్లు ఇస్తానంటాడు, మూడోసారికి వాతావరణం గురించి మాట్లాడతాడు. ఆ యంత్రం ఇంతవరకు మా గేటు దాటలేదు.

రోజాల్బా మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడు ఆఖరి ముక్క చూసి, "ఇది ఎవరికీ వద్దా? అయితే నేను తినేస్తా," అని తినేసింది. చర్చి ఆడవాళ్ళకి కాఫీ గొంతు దిగలేదు. ఆ రోజు మా ఆయన గడ్డకట్టిన సరస్సు మీద చేపలు పడుతున్నాడు. ఆ ఘట్టం చూసే అదృష్టం ఆయనకి లేకపోయింది.

ఆదివారం నిమ్మకాయ కేకు, కాఫీ వాకిట్లోనే పెట్టాను. అందరూ ట్రైలర్లోకి తొంగి చూశారు. వెర్లిన్ బీరువా తలుపులు తీసి, వేసి, మళ్ళీ తీసి చూపించాడు.

"ఎంత బాగుందండీ," అంది రోజాల్బా. "మా ఆయన ఇందులో నుంచి బయటికి రానే రాడు."

నేను ఆమె కప్పులో కాఫీ పోస్తూ అడిగాను. "మీ ఇంట్లో నేలకి వార్నిష్ పని రేపటి నుంచేనా?"

"రేపేనండీ. ఆ వాసనకి ఇంట్లో ఉండకూడదట. హోటల్ పరుపులు కార్మైన్ నడుముకి పడవు. ఎక్కడికి పోవాలో తోచడం లేదు."

మాట అక్కడ ఆగింది. ఇలాంటప్పుడు ఎవరేమనాలో మనందరికీ తెలుసు. మైలో వెర్లిన్ వైపు చూశాడు. నేను కేకు వైపు చూశాను.

వెర్లిన్ ధారాళంగా నవ్వాడు. "హోటలెందుకండీ? ఇది ఊరికే పడుంది. సరస్సు దగ్గరికి తీసుకెళ్ళండి."

"సరే," అంది రోజాల్బా.

వెర్లిన్ కప్పు పెదాల దాకా వచ్చి ఆగిపోయింది.

"ఎంత మంచివారండీ మీరు. కార్మైన్, లే. మన కారుకి తగిలించు."

"అంటే, మీకు ఇబ్బంది అవుతుందేమో," అన్నాడు వెర్లిన్.

"మాకేం ఇబ్బంది?"

"టైర్లు పాతవి."

"కొత్తవే," అన్నాడు మైలో. "నేనేగా వేసింది."

"లోపల ఒక కుర్చీ ఉందండీ. పెద్దది. మీకు అడ్డం."

"అడ్డమైతే తీసి మీ ఇంట్లో పెట్టేస్తా, దానికేముంది," అన్నాడు కార్మైన్, చొక్కా చేతులు పైకి మడుస్తూ.

వెర్లిన్ మొహంలో ప్రాణం వచ్చింది. నేను కేకు పళ్ళెం కింద పెట్టాను.

"అది తీయడం కుదరదండీ," అన్నాను. "తలుపులో పట్టదు. మా ఆయనే చెప్పాడు. ట్రైలర్‌లో భాగం అది."

మా ఆయన నావైపు చూశాడు. ఆ చూపులో ఇన్నేళ్ళ కాపురం మొత్తం ఉంది. కుర్చీ బయటికి రాదు, ఆయన మాట నూటికి నూరుపాళ్ళూ నిజం. అయితే ఆ కుర్చీ ఉన్న ఇంటికి చక్రాలున్నాయి. ఆ సంగతి చక్రాలు కడిగిన మనిషికి తట్టలేదు.

వెళ్ళేముందు మిగిలిన చామంతుల గుడ్డ చుట్ట కూడా రోజాల్బాకి ఇచ్చాను, బల్ల మీద పరుచుకోమని. ట్రైలర్ మలుపు తిరిగేదాకా వెర్లిన్ చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. రోజాల్బావాళ్ళకి కాదు.

వాళ్ళు లేనన్నాళ్ళూ మా ఆయన నా కొత్త సోఫా అంచున, పళ్ళ డాక్టరు దగ్గర వంతు కోసం కూర్చున్నట్టు కూర్చున్నాడు.

"ఈపాటికి అతను దాన్ని వాలుస్తుంటాడు," అన్నాడు ఒక సాయంత్రం.

"వాల్చనీ."

"పిడి మెల్లగా లాగాలి. ఆ సంగతి చెప్పలేదు."

"చెప్పాల్సింది."

"చెబితే నిజంగా ఇచ్చినట్టు అవుతుంది."

"నిజంగానే ఇచ్చావు వెర్లిన్."

"ఇచ్చానా నేను? ఇస్తానన్నాను. రెంటికీ తేడా లేదూ?"

ట్రైలర్ తిరిగొచ్చేసరికి మా ఆయన వాకిట్లోనే ఉన్నాడు. కార్మైన్ సంతోషంగా తలుపు తీశాడు. "మీ రుణం ఎలా తీర్చుకోవాలో తెలీలేదండీ. మా ఊళ్ళో నాకు సోఫాలకి గుడ్డ మార్చే దుకాణం ఉండేది. చూడండి."

అడవిదున్న ఒళ్ళంతా పసుపు. పసుపు మీద తెల్ల చామంతులు. అతుకులు మాయం, టేపు మాయం, కుట్లు నా కుట్లకంటే తిన్నగా ఉన్నాయి. దున్నకి పట్టుచీర కట్టినట్టుంది.

మన వైపు ఏదైనా నచ్చకపోతే ఏమంటామో మా ఆయన అదే అన్నాడు. "కొత్తగా ఉంది." కాసేపాగి మళ్ళీ, "చాలా కొత్తగా ఉంది," అన్నాడు. తర్వాత మెల్లగా పిడి లాగాడు. అది పాత మూలుగే మూలిగింది. ఆయన ఊపిరి పీల్చుకున్నాడు.

నేను మాత్రం ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. ఆ చామంతుల కుర్చీ, నా లేత గోధుమరంగు సోఫా పక్కన ఎంత బాగుంటుంది. పత్రికల్లో బొమ్మలా ఉంటుంది.

"వెర్లిన్," అన్నాను, మెల్లగా. "దీన్ని హాల్లోకి తెచ్చుకుంటే?"

ఆ వారమంతటిలో మా ఆయన మొదటిసారి నవ్వాడు. "తెద్దామనే నాకూ ఉంది ఆర్డీ. కానీ తలుపు ఇంతే."

పక్కింటివాళ్ళు వెళ్ళిపోయాక ఇద్దరం ట్రైలర్లో కాఫీ పెట్టుకున్నాం. బాకీ తీరినట్టుంది ఆయనకి, మొహం కళకళలాడుతోంది. గెలిచిన మగవాడికి మర్యాద ఎక్కువవుతుంది. ఒక చెయ్యి కుర్చీ వీపు మీద వేసి, కూర్చోబోతూ ఆగి, నావైపు తిరిగాడు.

"కూర్చుంటావా ఆర్డీ?"

"సరే," అన్నాను.

కూర్చున్నాను. పిడి మెల్లగా లాగాను. కాళ్ళు చాపాను.

మా ఆయన కప్పు పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. తర్వాత నా పాదాల పక్కన ఉన్న జానెడు జాగాలో, వేలెడు మందం దిండు మీద ఒదిగి కూర్చున్నాడు.

"ఈ దిండు మరీ పలచగా కుట్టావు," అన్నాడు.

"నువ్వన్నదే కరెక్టు వెర్లిన్," అన్నాను.