నెమిలికొండపై క్యాంపు సౌకర్యం కలదు

చిత్తూరు జిల్లా ప్రజలకు తెలియజేయడమేమనగా, చలిలో ఊటీకి తమ్ముడి వరస అయ్యే మన నెమిలికొండ పార్కులో టెంట్లు వేసుకుని ప్రకృతిని ఆస్వాదించే ఏర్పాటు జరిగింది. ఘాట్ రోడ్డు మొదట్లో ‘ఇచ్చట క్యాంపు సౌకర్యం కలదు’ అని బోర్డు కూడా పెట్టారు. దీనితో పర్యాటకం పెరుగుతుందని అధికారులు ఆశించారు. ఆశించినట్టే పెరిగింది. బోర్డుకు పూసిన రంగు ఆరకముందే ఒక మండలంలోని ఎంపీటీసీ సభ్యులు సగానికి పైగా కొండెక్కేశారు.

ఇందులో అధికారులను తప్పుపట్టేందుకేమీ లేదు. వాళ్ళ లెక్కలో క్యాంపు అంటే గుడారం, చలిమంట, పక్షుల కూతలు. మన లెక్కలో క్యాంపు అంటే గెలిచిన సభ్యులు ఎదుటివాడికి అమ్ముడుపోకుండా ఎన్నిక రోజు దాకా దాచిపెట్టే చోటు. ఇన్నాళ్ళూ ఆ పనికి బెంగళూరు దాకా పోవలసి వచ్చేది. సొంత జిల్లాలోనే, అదీ సర్కారువారే బోర్డు రాసి మరీ పిలుస్తుంటే, ప్రజాసేవ చేయదలచినవాడు ఎందుకు కాదంటాడు? మండలాధ్యక్ష పదవికి పోటీపడుతున్న ఆదికేశవులు ఒక్కటి తప్ప టెంట్లన్నీ పట్టేశాడు.

టెంట్లు బాగానే ఉన్నాయి. లోపల నిలబడితే తల పైన తగులుతుంది కాబట్టి సభ్యులు ఎప్పుడూ వంగే ఉండాలి. అది వారికి కొత్త కాదు. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం సంగటి, నాటుకోడి పులుసు. భద్రత దృష్ట్యా సభ్యుల ఫోన్లన్నీ ఒక పాలక్యానులో వేసి మూత పెట్టారు. అడవిలో జంతువులుంటాయి గనక సభ్యులు టెంట్లు దాటి పోకుండా ఆదికేశవులు మనుషులు దుడ్డుకర్రలతో కాపలా కాశారు. ఆ కర్రలు అడవివైపు కాక టెంట్లవైపు తిరిగి ఉండడం గురించి ఎవరూ ఆందోళన చెందవలసిన అవసరం లేదు.

ఇంత చల్లటి చోట ఒక్క దేవకమ్మ మాత్రం కుదురుగా లేదు. మహిళా రిజర్వేషన్‌లో గెలిచిన సభ్యురాలామె, మామిడితోటల రైతు కుటుంబం. కూతురు నవీనకు తొలి కానుపు. నొప్పులొచ్చేటప్పటికి అమ్మ పక్కనుండాలని ఆ పిల్ల మాట తీసుకుంది. ఆ పొద్దున పాలక్యాను ఆగకుండా మోగితే కాపలావాడొకడు ఎత్తి, విన్నది విన్నట్టు చెప్పాడు. నవీనను చిత్తూరు ఆస్పత్రిలో చేర్చినారంట.

దేవకమ్మ ఆదికేశవులు దగ్గరికి పోయింది. “నన్ను దించెయ్‌ అప్పా. బిడ్డను చూసుకొని మళ్ళీ వచ్చేస్తాను. నా ఓటు యాడికీ పోదు.”

ఆదికేశవులు లేచి నిలబడ్డాడు. నిలబడితే ఆయనకు ఉపన్యాసం దానంతట అదే వస్తుంది. “అమ్మా, నీ కూతురు నా కూతురు కాదా? ఈ మండలంలోని ప్రతి ఆడబిడ్డ కానుపూ నా బాధ్యతే. రేపు నేను అధ్యక్షుణ్ణైతే ప్రతి ఊరికీ ఆస్పత్రి వస్తుంది. అప్పుడు ఏ తల్లీ ఇట్లా కొండ దిగాల్సిన పనుండదు. ఆ మంచిరోజు కోసమే నువ్వు ఈడ ఉండాల” అన్నాడు. సభ్యులు చప్పట్లు కొట్టారు. చలికి చేతులు అప్పటికే రుద్దుకుంటున్నారు గనక పెద్ద శ్రమ కాలేదు.

ఆ మిగిలిన ఒక్క టెంటులో తిరుపతి నుంచి వచ్చిన కొత్త దంపతులు హరినాథ్, భానుశ్రీ ఉన్నారు. క్యాంపు అనే మాటను బోర్డు రాసినవాళ్ళలాగే అర్థం చేసుకున్న అమాయకులు. భానుశ్రీ పొగమంచును వీడియో తీస్తుంటే దేవకమ్మ ఎదురొచ్చి నిలబడింది. “మా నవీన చిత్తూరు ఆస్పత్రిలో ఉండాది. నన్ను ఈడ్నించి దించమని ఎవురికన్నా చెప్పు పాపా” అని ఏడ్చింది. భానుశ్రీ ఆ వీడియోను అట్లాగే నెట్‌లో పెట్టేసింది.

గంటలోనే జిల్లా అంతా చూసింది. మీరూ చూసే ఉంటారు, మేమూ చూశాం. దేవకమ్మ ఏడుపు స్పష్టంగా వినబడింది. ఆమె వెనక మంచు ఇంకా స్పష్టంగా కనబడింది. వీడియో కింద జనం తమ ఆవేదనను ఇలా వెలిబుచ్చారు: ‘లొకేషన్ యాడ బ్రో?’ ‘మన జిల్లాలో ఇంత మంచుందా?’ ‘ఫ్యామిలీతో పోవచ్చునా?’

తన పరువుకు ఇబ్బందని తెలిసి ఆదికేశవులు వెంటనే మానవత్వం చూపించాడు. “మేము ఎవురినీ పట్టి పెట్టలేదు, ఆమే కొండగాలికి ముచ్చటపడి ఉండింది” అని ప్రకటించి, ఫోను చేతికిచ్చి, శాలువా కప్పి, ఫొటో తీయించి, సొంత జీపులో కిందికి పంపాడు.

జీపు రెండు మలుపులు దిగి ఆగిపోయింది. కింద చెట్ల సందుల్లో ఎంతదూరం చూసినా కార్లే. తిరుపతి నుంచి, చంద్రగిరి నుంచి, రేణిగుంట నుంచి, పిల్లాపాపలతో, పులిహోర డబ్బాలతో, వీడియో చూసినవాళ్ళందరూ కదిలొచ్చారు. ఆమెను కొండ దింపించిన వీడియోనే వాళ్ళను కొండ ఎక్కించింది. డ్రైవరు దిగి కేకలేశాడు. ఎవరూ వెనక్కి తగ్గలేదు, ముందుకొచ్చిన కారును వెనక్కి తీసే అలవాటు మన వైపు లేదు.

పొద్దు నడినెత్తికి వచ్చింది. దేవకమ్మ ఒళ్ళో ఫోను మోగింది, అల్లుడు. ఆడబిడ్డ పుట్టింది, తల్లీబిడ్డా క్షేమం. “కడదాకా నిన్నే పిలిచిందత్తా” అన్నాడు. దేవకమ్మ ఆ శాలువాతోనే మొహం తుడుచుకుంది.

ఎదురుగా ఉన్న కారులోంచి ఒక పెద్దమనిషి తల బయటపెట్టాడు. “ఏమ్మా, పైనుంచే కదా వస్తావుండేది? టెంట్లు ఖాళీ ఉండాయా?”

“ఒకటుండాదప్పా” అంది దేవకమ్మ. “ఇప్పుడే ఖాళీ చేసి వచ్చినాను.”

ఆయన సంతోషించి, జీపును పక్కకు తీయమని హారన్ కొట్టాడు. ఆ కారు మీది కాదని మేము పూర్తిగా నమ్ముతున్నాము.