కాకినాడ బోటు, మొయిన్ మాట

ఆ పొద్దున మొయిన్ పెట్టుకున్న పని ఒకటే. జమ్మలమడుగు నుంచి వచ్చిన పాలయ్యను పులివెందులకు తీసుకుపోయి, అక్కడ ఒక రైతు దగ్గరున్న పాత ట్రాక్టరును బేరం చేసి ఇప్పించి, మధ్యాహ్నం భోజనానికి ప్రొద్దుటూరు వచ్చేయడం.

మొయిన్ పాత ట్రాక్టర్ల దళారీ. ఆ వ్యాపారంలో కాగితాల కంటే నోటి మాటకే విలువ. ఇంతకిస్తావా అని ఒకడు అడిగి, అవతలివాడు సరే అన్నాడంటే బేరం అయిపోయినట్టే. అడిగినవాడు కొని తీరాలి. కొన్నేళ్ళ కిందట అలా అడిగి వెనక్కి తగ్గిన దళారీ ఒకాయన ఇప్పుడు బస్టాండులో శనక్కాయలు అమ్ముకుంటున్నాడు. సైకిలు చూసిపెట్టమని కూడా ఆయన్ని ఎవరూ పిలవరు.

మాట విషయంలో ఎంతో జాగ్రత్తగా ఉండే మొయిన్‌కూ ఒక పిచ్చి సరదా ఉంది. పొద్దున టీ తాగుతూ ఫోనులో అమ్మకానికున్న పాత బోట్లు చూస్తాడు. చేపలు పట్టే ట్రాలర్లు, పడకగదులున్న విలాసపు యాట్లు, దేన్నీ వదలడు. సముద్రాన్ని ఆయన చూసింది ఒక్కసారే, చెన్నైలో. అప్పుడు కళ్ళద్దాలు అలకు సమర్పించుకుని వచ్చాడు. అయినా ఇంజను ఎక్కడున్నా ఇంజనే అని ఆయన నమ్మకం.

"ఇది చూడు మామా," అని ఆ పొద్దున కూడా టీ తాగుతూ ఫోను పాలయ్య ముందు పెట్టాడు. "రంగు కొత్తగా ఉండాదంటే కింద తుప్పు పాతదని లెక్క. ఈ కాకినాడ ట్రాలరుకు రంగు వెలిసిపోయింది. అంటే దాచిపెట్టేదేం లేదు."

ఖాళీ గ్లాసులకు వచ్చిన ఆయన భార్య ఫర్హానా భుజం మీదుగా తొంగి చూసింది. "లోపల వంటిల్లు కూడా ఉండాదే! దానికి కిటికీ! నేనేమో పెండ్లయినప్పట్నుంచి గోడను చూసుకుంటా వండుతాండా."

"అంత మంచిదైతే అడగరాదా?" అన్నాడు పాలయ్య. ఆయన చర్చి పెద్ద. వేళాకోళానికీ నిజానికీ తేడా తెలియని సత్యవంతుడు.

మొయిన్‌కు హుషారు వచ్చింది. ఫోను నోటి దగ్గర పెట్టుకుని, "ఏమప్పా, ప్రొద్దుటూరు మొయిన్ మాట్లాడతాండా. నువ్వు పెట్టిన రేటులో సగం. ఇస్తివంటే తీసుకుంటా. ఇది నా మాట," అని బోటు యజమానికి వాయిస్ మెసేజి పంపించాడు. సగానికి ఎవడూ ఇవ్వడని ఆయన ధీమా. చెప్పులేసుకునే లోపే జవాబు వచ్చింది.

"ఇచ్చేసానండి! బోటు మీదేనండి!"

పాలయ్య కళ్ళు చెమర్చాయి. "శానా గొప్ప బేరమప్పా. నా కండ్లతో చూసినా." మొయిన్‌కు మాత్రం రెండో చెప్పు ఎక్కడుందో కనిపించలేదు.

పాలయ్యకు కడుపులో మాట దాగదు. పులివెందుల చేరీ చేరకముందే ట్రాక్టరు రైతుకు బోటు సంగతి చెప్పేశాడు. "ఓడలు కొనే ఆసామి మధ్యలో ఉంటే నేను రేటు ఎందుకు తగ్గియ్యాల?" అని రైతు బిగుసుకున్నాడు. ఆ బేరం అంతటితో పోయింది.

సాయంత్రానికి, మొయిన్ బోటు మైలవరం డ్యాములో జనాన్ని ఎక్కించుకుని తిరుగుతుందని జమ్మలమడుగంతా తెలిసింది. మర్నాడు లారీ బాషా టేపు పట్టుకుని వచ్చి సందు కొలిచాడు. "నీ ప్రహరీ కొంచెం పడగొడితే బోటు లోపలికి వస్తాదన్నా," అని ధైర్యం చెప్పాడు. మొయిన్ పిన్నమ్మ అఖ్తర్ బీ వచ్చి, టిక్కెట్లు చింపే పని తన అల్లుడికే ఇవ్వాలని పట్టుబట్టింది. పాలయ్య చర్చిలో ఎవరు బండి కొన్నా చర్చి ముందు నిలబెట్టి ప్రతిష్ఠ ప్రార్థన చేస్తారు. బోటు కూడా వాహనమే కాబట్టి ఆదివారం దానికీ చేద్దామని ఆయన పాస్టరుగారితో మాట్లాడేశాడు.

"ఇల్లు అమ్మితే తప్ప అది రాదు," అంది ఫర్హానా ఆ సాయంత్రం. "ఇల్లు అమ్మినాక దాన్ని యాడ కట్టేస్తావు?"

"మాట ఇచ్చినా ఫర్హానా. వెనక్కి పోతే రేపట్నుంచి మన గడప ఎవుడూ తొక్కడు."

ఆమె ఇంటి గోడలకేసి ఒకసారి చూసి లోపలికి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేదని మొయిన్‌కు అనిపించింది.

ఇక దారి ఒకటే ఉంది. అమ్మేవాడు దాచిన లోపం బయటపడితే దళారీ తన మాట వెనక్కి తీసుకోవచ్చు. మొయిన్ కాకినాడకు వీడియో కాల్ చేశాడు. అవతల బోటు యజమాని సత్తిబాబు ఉత్సాహంగా నవ్వుతున్నాడు.

"ఇంజను స్టార్ట్ చేయప్పా," అని, నల్లటి పొగ రావాలని మనసులో దువా చేసుకున్నాడు. ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది. పొగ జాడ కూడా లేదు.

"అడుగు చూపించు." అమ్మకానికని ఒడ్డుకెక్కించిన బోటు అడుగు నున్నగా, గట్టిగా ఉంది.

"లోపలికి నీళ్ళేమన్నా కారతాండాయా?" అని ఆశగా అడిగాడు.

"చుక్క కారదండి! మీరు అదృష్టవంతులండి! బయానాకి నేనే వచ్చేస్తానండి!"

బతుకులో మొదటిసారి ఒక మంచి ఇంజనును చూసి మొయిన్ కన్నీళ్ళ పర్యంతమయ్యాడు.

సత్తిబాబు అన్నట్టే వచ్చాడు. మొయిన్ కూర్చునే మెకానిక్ షెడ్డు దగ్గర పాలయ్య, బాషా, సగం బజారూ పోగయ్యారు. ఫర్హానా టీ కెటిలుతో వచ్చి ఒక పక్కన నిలబడింది. సత్తిబాబు సంచీ కింద పెట్టి, రెండు చేతులూ జోడించాడు.

"తప్పయిపోయిందండి. అది మా నాన్న కట్టించిన బోటండి. అమ్మేశానని తెలిసి మా అమ్మ దాంట్లోకెక్కి కూర్చుందండి. ఎంత బతిమాలినా దిగనంటోందండి. నా మాట వెనక్కి తీసుకుంటానండి. ఫోన్లో చెబితే మర్యాద కాదని ఇంత దూరం వచ్చానండి."

మొయిన్‌కు పోయిన ప్రాణం లేచొచ్చింది. కానీ బజారు బజారంతా తననే చూస్తోంది. ఇప్పుడు సంతోషం బయటపడితే ఇచ్చిన మాట ఉత్తిదని తేలిపోతుంది. అందుకని తువ్వాలు విదిలించి గొంతు పెంచాడు.

"ఏందప్పా, మాటంటే ఆటలనుకుంటివా? మీ కాకినాడలో ఇట్లనేనా? మా ప్రొద్దుటూరులో మాట తప్పినోన్ని మనిషని కూడా అనరు!" అని మొదలుపెట్టి, జనం తలలూపుతుంటే ఊపు వచ్చి, ఇంకా నాలుగు మాటలు ఎక్కువే అన్నాడు.

సత్తిబాబు ముఖం మాడిపోయింది. సంచీ తీసి మళ్ళీ భుజానికి తగిలించుకున్నాడు. "నిజమేనండి. మాట మాటేనండి. అమ్మ కాళ్ళు పట్టుకునైనా దింపేస్తానండి. బోటు మీరే తీసుకోండి."

తువ్వాలు పట్టుకుని పైకెత్తిన చెయ్యిని ఎలా దించాలో మొయిన్‌కు తెలియలేదు. దిక్కు తోచక ఫర్హానా వైపు చూశాడు.

ఫర్హానా కెటిలు బల్ల మీద పెట్టి ముందుకొచ్చింది. "వద్దన్నా. ఒక తల్లిని దింపి తెచ్చిన బోటు మా ఇంటికి అచ్చిరాదు. మేమే వదులుకుంటాండాం. పోయి అమ్మకు చెప్పు. ముందు టీ తాగు."

సత్తిబాబు గ్లాసు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. పాలయ్య కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. లారీ బాషా టేపు చుట్టుకుంటూ నిట్టూర్చాడు. మొయిన్ మెల్లగా చెయ్యి దించి, ఆ తువ్వాలుతోనే చెమట తుడుచుకున్నాడు.

ఆ వారంలోనే పులివెందుల రైతు తనంతట తానే ఫోను చేశాడు. ఎవరి కన్నతల్లి కోసమో చేతికొచ్చిన బోటు వదులుకున్న మనిషి ఏ రేటు చెప్తే ఆ రేటుకే ట్రాక్టరు ఇస్తానన్నాడు. అది ఇప్పుడు పాలయ్య ఇంటి ముందుంది. ఆదివారం ప్రతిష్ఠ ప్రార్థన దానికే జరిగింది.

మొయిన్ ఇప్పుడు పొద్దున పూట టీ మాత్రమే తాగుతాడు. పక్కన కూర్చుని, కిటికీ ఉన్న వంటిళ్ళ బోట్లు ఫర్హానా చూస్తుంది.